దత్తత అను మాట

మన భాషలో దత్తత అను మాట బరువైనది. సంతానము లేని దంపతులు ఒక శిశువును పదిమంది పెద్దల యెదుట తమ బిడ్డగా స్వీకరించిరన్న, ఆ నాటినుండి ఆ శిశువు ఆ యింటి పేరును, ఆ యింటి కష్టసుఖములను తనవిగా చేసికొనును. 1956లో మన పార్లమెంటు చేసిన హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ విషయమున మిక్కిలి కచ్చితముగా ఉన్నది. న్యాయముగా జరిగిన దత్తతను తల్లిదండ్రులు రద్దు చేయజాలరు. బిడ్డకు జబ్బు చేసిననేమి, చదువు అబ్బకున్ననేమి, ఆ బిడ్డ వారి బిడ్డయే.

ఈ మాటను నేడు మనము కుక్కలకు కూడ వాడుచున్నాము. జీవకారుణ్య సంఘముల వాకిండ్లయందు “కుక్కపిల్లలను దత్తత తీసికొనుడు” అను పలకలు కనబడుచున్నవి. 2025 ఆగస్టు నెలలో హైదరాబాదు నగరపాలక సంస్థ నాటుకుక్కపిల్లల దత్తతకై ఒక మేళానే జరిపినది. ఇది చూచి నవ్వువారు కలరు. “కుక్కకు దత్తత యేమిటి, బారసాల కూడ చేయుదురా?” అని నా మిత్రుడొకడు పరిహాసమాడెను. నేను నవ్వలేదు. ఆ మాట కుక్కకు తగదని నా అభిప్రాయము కాదు. ఆ మాటను వాడినవారు దాని బరువును కూడ మోయవలెనని మాత్రమే నా అభిప్రాయము.

మన సామెతలు కుక్కయెడల అంత దయ చూపలేదు. దాని తోకను, దాని బుద్ధిని, దాని బ్రతుకును తిట్లకు వాడుకొన్నాము. కాని మన భారతకథ అట్లు చేయలేదు. నన్నయ్యగారి ఆదిపర్వము మొదటనే ఒక కుక్క కథ యున్నది. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా ఒక కుక్కపిల్ల ఆ దరికి వచ్చి ఆడుకొనుచుండెను. అది చేసిన తప్పేమియు లేదు. అయినను రాజుగారి తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియగు సరమ కడకు పోయెను. సరమ ఊరకుండలేదు. నేరుగా జనమేజయుని సభకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డ నేల కొట్టించితివని అడిగెను. తగునిది తగనిదని చూడక బలహీనులకు కీడు చేసినవారికి ఊహింపని యాపదలు వచ్చునని చెప్పి వెడలిపోయెను. అంతటి చక్రవర్తియు ఆ మాటకు భయపడి, శాంతి చేయించుటకై పురోహితుని వెదకుచు బయలుదేరెను. మహాభారతమువంటి గ్రంథము ఒక కుక్కతల్లి ఫిర్యాదుతో ఆరంభమగుట నాకు ఎప్పుడును ఆశ్చర్యముగనే ఉండును.

ఇప్పటి సరమ ఏ సభకు పోవలెను? ఆ సభలు ఆలస్యముగానైనను ఏర్పడినవి. లండను నగరమున 1860లో మేరీ టీల్బీ అను ఇల్లాలు, తప్పిపోయి ఆకలికి మాడు కుక్కలకొరకు హాలోవే ప్రాంతమున ఒక ఆశ్రయశాల పెట్టెను. టైమ్స్ పత్రిక ఆమెను ఎగతాళి చేసినది. వీధులలో అనాథశిశువులుండగా కుక్కలకు ఇల్లేమిటని జనులు పెదవి విరిచిరి. ఆమె 1865లో మరణించెను. ఆశ్రయశాల మాత్రము నిలిచినది. 1871లో బాటర్సీ అను చోటికి మారి, నేటికిని ఆ పేరుతోనే పని చేయుచున్నది. 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలయ్యెను.

మన దేశమున ఈ కార్యమునకు చట్టబలము తెచ్చినవారు నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్. ఆమె రాజ్యసభ సభ్యురాలుగా నుండి, జంతువులను హింసించుట నేరముగా పరిగణింపవలెనని పట్టుబట్టుటచేతనే 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. మద్రాసులో విమానచోదకుడైన కెప్టెన్ సుందరం 1959లో బ్లూక్రాస్ సంఘమును స్థాపించెను. ఆమె నెలకొల్పిన కళాక్షేత్రముననే నాట్యము నేర్చిన అక్కినేని అమల 1992లో హైదరాబాదునందు బ్లూక్రాస్‌ను ఆరంభించుట చిత్రమైన సంబంధము. విశాఖపట్టణమునందు 1996 నుండి అట్టి సంఘమే మరియొకటి పని చేయుచున్నది. ఇంతకంటె చరిత్ర ఇచట అవసరము లేదు. ఆ గోడలలోపల ఏమి జరుగునో తెలిసికొనుట మేలు.

నేనొక నగరపు శివారున అట్టి ఆశ్రయశాలకు పోయితిని. దూరమునుండియే మొరుగుడు వినవచ్చును. వాకిట పెద్ద గంగాళములలో అన్నము ఉడుకుచుండెను. క్రొత్తగా తెచ్చిన కుక్కలను కొన్నిదినములు వేరుగా ఉంచుదురు. ఏలయన ఒకదానికి అంటువ్యాధి యున్న, పిల్లలన్నియు రెండుమూడు దినములలో చచ్చిపోవచ్చును. పశువైద్యుడు పురుగులు పట్టిన పుండ్లను శుభ్రపరచి కట్టు కట్టును. కోలుకొన్నవానికి టీకాలు వేయుదురు, పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయుదురు. అట్లు చేసిన వీధికుక్కకు గుర్తుగా, మత్తులో నున్నప్పుడే చెవికొనను చిన్నముక్క కత్తిరింతురు. మీ వీధిలో అట్టి చెవిగల కుక్క యున్న దానిని ఎవరో హింసించిరని తలపకుడు. ఎవరో దానిని గూర్చి శ్రద్ధ వహించిరని ఆ గుర్తునకు అర్థము.

అచ్చటి కుక్కలు మూడు విధములైనవి. వాహనముల క్రింద పడి కాలు విరిగినవి కొన్ని. తల్లి చచ్చి, కండ్లు తెరవకముందే గోతాములలో వచ్చినవి కొన్ని. ఈ రెంటిని చూచినప్పుడు జాలి కలిగినది. మూడవ విధమును చూచినప్పుడు నాకు కోపము వచ్చినది. అవి ఇండ్లలో పెరిగినవి. మెడకు పట్టీ గుర్తు ఇంకను ఉన్నది. “కూర్చో” యన్న కూర్చుండును. మేము ఇల్లు మారుచున్నామని ఒకరు, ఇంట పసిబిడ్డ పుట్టినదని ఒకరు, ముసలిదై కండ్లు కనబడుట లేదని ఒకరు వానిని అచ్చట విడిచి పోయిరట. కొందరు ఆ మాటయైనను చెప్పక రాత్రివేళ గేటుకు కట్టివేసి పోదురట. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును అకారణముగా విడిచిపెట్టుట 1960 నాటి చట్టము ప్రకారము నేరమే. కాని మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలు మాత్రమే. ఆనాడు అది కొంత సొమ్మేమో! నేడు ఎవరిని భయపెట్టును?

ఇట్టి దుస్థితికి ఒక కారణము విదేశపు జాతులమీది మోజు. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడచు చప్పిడిముక్కు కుక్కను చూచి దేశమంతట జనులు ఆ జాతికై ఎగబడిరి. ఆ ముక్కు చూచుటకు ముద్దుగానుండును గాని, ఆ కుక్కకు ఊపిరి తీసికొనుటయే కష్టము. మంచుదేశములలో బండ్లు లాగుటకు పుట్టిన దట్టపు బొచ్చుకుక్కలను తెచ్చి మన యెండలలో పెంచువారు కలరు. మే నెలలో రెంటచింతల యెండకు మనుష్యులే తాళలేరే, ఆ మూగజీవి యెట్లు తాళును? వేడుక తీరినపిదప, వైద్యుని ఖర్చులు పెరిగినపిదప, అది ఆశ్రయశాల గేటువద్ద తేలును.

మన నాటుకుక్కకు ఆ బాధ లేదు. వేల సంవత్సరములుగా ఈ యెండకు, ఈ వానకు తట్టుకొన్నవియే బ్రతికి పిల్లలను పెట్టినవి. పలుచని వెండ్రుకలు, పొడవైన మూతి, చురుకైన చెవులు దాని ఆస్తి. కొద్ది శ్రమతోనే ఇంటిమర్యాద నేర్చుకొనును. సోవియట్ శాస్త్రజ్ఞులు అంతరిక్షమునకు పంపుటకై వెదకినప్పుడు వంశావళి గల కుక్కలను కోరలేదు. చలికి, ఆకలికి ఓర్చి బ్రతికినదని మాస్కో వీధికుక్కను ఎన్నుకొనిరి. 1957 నవంబరు 3న భూమిచుట్టు తిరిగిన లైకా అట్టిది. పాపము, దానిని తిరిగి దింపు ఉపాయము లేకయే పంపిరి. వేడికి అది కొన్నిగంటలలోనే మరణించెనని లోకమునకు 2002లో గాని తెలియలేదు. వీధికుక్కయొక్క ఓర్పు మనకు ఉపకరించినంతగా మన దయ దానికి ఉపకరింపలేదని అనిపించును.

మనుష్యులకే దిక్కులేని దేశమున కుక్కలకు ఇంత ఏల అని కొందరందురు. ఈ మాట అనువారిలో మనుష్యులకు అన్నము పెట్టువారిని నేను ఎక్కువగా చూడలేదు. దీనికి ఇంతకుమించి సమాధానము చెప్పను.

రెండవ ఆక్షేపణ అట్లు త్రోసివేయదగినది కాదు. కుక్కలు కరచుచున్నవి. రేబిస్ అను పిచ్చికుక్కవ్యాధి లక్షణములు బయటపడినపిమ్మట బ్రతికినవారు దాదాపు లేరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము ఆ వ్యాధివలన ఏటా సుమారు 59,000 మంది మరణించుచున్నారు. అందు మూడవవంతునకు పైగా మన దేశముననే. ఆసియా, ఆఫ్రికా ఖండములలో దీనికి బలియగు వారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు పిల్లలు, అనగా మీ యీడువారు, మీ తమ్ములు, చెల్లెండ్రు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట జీవకారుణ్యమును గూర్చి ఉపన్యసించుట క్రూరత్వము. కుక్క కరచినను, గోటితో గీరినను, ఆ గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, ఆకుపసరు పెట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా ఆరంభించి, చెప్పిన దినములలో అన్నింటిని తప్పక వేయించుకొనవలెను. కొట్టుదురేమోయని ఇంట చెప్పక దాచిన పిల్లలు ప్రాణములు పోగొట్టుకొన్నారు.

మరి వీధికుక్కల నన్నింటిని పట్టి చంపిన సరిపోదా? మద్రాసు నగరపాలక సంస్థ ఎన్నో దశాబ్దములు ఆ పని చేసినది. కుక్కలు తరుగలేదు. ఒక వీధి ఖాళీ యైనచో, అచ్చటి ఎంగిలి విస్తళ్ళకు ప్రక్కవీధి కుక్కలు వచ్చును. ఆడుకుక్క రెండు నెలలకే ఈనును. తుదకు 1996లో ఆ సంస్థ చంపుట మాని, బ్లూక్రాస్‌వారు 1964 నుండి చెప్పుచున్న శస్త్రచికిత్స, టీకా పద్ధతికే వచ్చినది. ఒక ప్రాంతమున నూటికి డెబ్బది కుక్కలకు టీకా వేసినచో అచ్చట ఆ వ్యాధి వ్యాపింపజాలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున జీవకారుణ్య సంఘమునకు ఇచ్చిన రూపాయి కుక్కకొరకే ఇచ్చినట్లు కాదు. టీకా పడిన ప్రతి కుక్కయు ఆ వీధి పిల్లలకు ఒక రక్షణ.

2025లో ఈ వివాదము సుప్రీంకోర్టునకు పోయినది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తులు ఢిల్లీ వీధికుక్కల నన్నింటిని ఆశ్రయశాలలకు తరలింపుడని ఆజ్ఞాపించిరి. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తులు దానిని సవరించి, రేబిస్ సోకినవానిని, క్రూరస్వభావము గలవానిని తప్ప తక్కినవానిని, టీకా, శస్త్రచికిత్స చేసి, పట్టినచోటనే విడువుడనిరి. నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వేస్టేషన్లవంటి చోట్లనుండి మాత్రము కుక్కలను తొలగించి మరల అచట విడువరాదనిరి. ఈ తీర్పులపై ఎవరి అభిప్రాయము వారిది. ఆగస్టు 22 నాటి ఉత్తరువులో నాకు నచ్చిన మాట వేరొకటి కలదు. కుక్కను దత్తత తీసికొనగోరువారు దరఖాస్తు చేసికొనవచ్చును, కాని అది మరల వీధిలోనికి రాకుండ చూచు బాధ్యత వారిదే. నేను మొదట చెప్పిన 1956 చట్టపు స్వరమే ఇందులోను వినబడుచున్నది.

ఇక లెక్క చూడుడు. మీరు ఎనిమిదవ తరగతి చదువుచున్నారు. మీకు పదుమూడేండ్లు. నేడు ఒక కుక్కపిల్లను తెచ్చినచో అది పండ్రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు పదునైదేండ్లు బ్రతుకును. మీరు ఇంటరుమీడియటుకు పట్టణమునకు పోదురు. కళాశాల వసతిగృహమున కుక్కను ఉండనీయరు. ఉద్యోగమునకు బెంగళూరో, ఇంకను దూరమో పోదురు. మీకు ఇరువదియైదేండ్లు వచ్చునప్పటికి ఆ పిల్ల ముసలిదై, కీళ్ళు పట్టి, చూపు తగ్గి, వాకిటిలో మీ అడుగుల చప్పుడుకై చెవి యొగ్గి పడియుండును. అప్పుడు దానికి అన్నము పెట్టువారెవరు? అమ్మయా? నాయనమ్మయా? వారిని ఇప్పుడే అడిగితిరా? ఏటేటా టీకా, అప్పుడప్పుడు వైద్యము, ప్రతిదినము నడక, దీపావళినాడు టపాకాయలకు బెదరి పారిపోకుండ తలుపు మూసి ప్రక్కన కూర్చుండుట, ఊరికి పోయినప్పుడు అప్పగించుటకు ఒక మనిషి. ఇవన్నియు దత్తత అను మాటలో ఇమిడియున్నవి. ఇంటిల్లిపాదియు ఔనన్నప్పుడే అది దత్తత. మీరొక్కరు ఔనన్న అది ముచ్చట.

అందుచేతనే మంచి సంఘములు అడిగినవారికెల్ల కుక్కను ఈయవు. ఎచ్చట నుంచెదరు, గొలుసుతో కట్టివేయుదురా, అద్దె యిల్లయిన యజమాని ఒప్పుకొనెనా అని ప్రశ్నింతురు. కొందరు ఇంటికి వచ్చి చూతురు. ఉంచుకొనలేకపోయిన తమకే తిరిగి ఇండు గాని వీధిలో విడువకుడని వ్రాయించుకొందురు. ఉచితముగా తీసికొనుటకు ఇన్ని ప్రశ్నలా అని విసుగుకొని అంగడికి పోయి కొనువారు కలరు. అంగడివాడు ఒక్క ప్రశ్నయు వేయడు. అదియే వాని దోషము. మహాప్రస్థానమున తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు ఇంద్రునితో చెప్పిన కథ మీకు తెలియును. ఆ కుక్క ధర్మదేవతయని ఆయనకు ముందు తెలియదు. వట్టి కుక్కయనియే అనుకొనెను.

ఇంటికి తేలేనివారు చేయదగినది లేదనుకొనకుడు. ఆశ్రయశాలలలో స్థలము ఎప్పుడును చాలదు. ఒక కుక్క ఒక యింటికి పోయిన, ఆ చోట గాయపడిన మరియొకటి వచ్చి బ్రతుకును. ఇల్లు ఈయలేనివారు ఆ రెండవదానిని బ్రతికించుటలో తోడ్పడవచ్చును. పాత దుప్పట్లు, గోనెపట్టలు, చదివిన పత్రికలు కూడ అచ్చట పడకలగును. కొందరు ఎవరును తీసికొనని ఒక కుంటికుక్కనో, గ్రుడ్డికుక్కనో ఎంచుకొని నెలనెలా దాని తిండిఖర్చు పంపుదురు. అది సంఘమువద్దనే యుండును. తరగతి పిల్లలందరు కలిసియు ఈ పని చేయవచ్చును. నా దృష్టిలో ఇది దత్తతకు తక్కువది కాదు. చేయగలిగినంతనే మాట యిచ్చి, ఇచ్చిన మాటను చెల్లించుట కదా!

నేను ఆ ఆశ్రయశాలకు పోయినది నిజమునకు కుక్కను తెచ్చుకొనుటకే. గోధుమరంగు ముసలికుక్క యొకటి గేటువైపు చూచుచు కూర్చుండి యుండెను. దాని యజమానులు ఇల్లు మారిరట. నేను దానిని అడిగితిని. కుక్కలను చూచుకొను వృద్ధుడు చేతులు తుడుచుకొనుచు, “అయ్యా, తమరు పనిమీద పోయినప్పుడు ఇంట ఎవరుందురు?” అని అడిగెను. నేను ఒంటివాడను. నెలలో పది దినములు ఊళ్ళు తిరుగు ఉద్యోగము. ఆ మాటయే చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఇది ఒకమారు ఎదురుచూచి విసిగినది, అయ్యా” అనెను. నేను కుక్క లేకయే తిరిగివచ్చితిని. నెలనెలా దాని తిండిఖర్చు పంపుచున్నాను. ఊరిలో నున్న ఆదివారములందు పోయి గంటసేపు దానిని నడిపించెదను. ఇప్పుడది గేటువైపు కాక, నేను వచ్చు ప్రక్కదారివైపు చూచుచు కూర్చుండునని ఆ వృద్ధుడు మొన్న చెప్పెను.